సీలు తీయని సీసాలతో గుట్టెక్కిన బ్యాచ్

మీరు ఎప్పుడైనా ఏమీ అడక్కుండా ఒక కొండ ఎక్కారా? ఉద్యోగమో, సంబంధమో, సంతానమో, కనీసం మోకాళ్ల నొప్పుల నివారణో అడక్కుండా? నిజం చెప్పండి. మన దేశంలో కొండలకున్నంత పని ఏ కలెక్టరు ఆఫీసుకూ లేదు. కాస్త ఎత్తుగా కనబడిన ప్రతి రాయి దగ్గరికీ అర్జీ పట్టుకుని పోతాం. పైనుంచి లోకం ఎలా ఉంటుందో చూద్దామని ఎక్కేవాళ్లను మాత్రం పనీపాటా లేనివాళ్లంటాం.

నేను ఆ పనీపాటా లేని జాతి మనిషిని. కనుక అడవిలో కాలిబాట, మోస్తరు ఎక్కుడు, పైన కృష్ణ లోయ కనబడే చోటు అని చెప్పగానే సంచీ సర్దుకున్నాను. చెప్పింది నాగమణి. చిక్కడపల్లిలో మా మేడ మీది గదిలో నాగమణి, స్వరూప అని ఇద్దరు అమ్మాయిలు కిరాయికి ఉంటారు. ఒకరిది దేవరకొండ వైపు, మరొకరిది జగిత్యాల వైపు. ఇద్దరూ గ్రూప్స్ పరీక్షల కోసం అశోక్ నగర్‌లో కోచింగుకు పోతారు. నన్ను ఆంటీ అంటారు. ఆ పిలుపు మీద ఒక వ్యాసం రాసేంత కోపం ఉంది నాకు. కాని గొడవ పడటానికి జాతకం, వాస్తు, ముహూర్తం ఇప్పటికే నా చేతినిండా ఉన్నాయి గనుక ఊరుకున్నాను.

వాళ్ల బ్యాచ్ అంతా మినీ బస్సులో నల్లమల అంచున ఒక గుట్టకు పోతోందట. ఒక సీటు ఖాళీ ఉందట. నేను సరేనన్న తరువాత నాగమణి అసలు సంగతి బయటపెట్టింది.

“మొక్కు ఉంటది ఆంటీ. కింద నీళ్ల బాటిల్ కొంటం. సీలు తియ్యొద్దు. బ్యాగుల పెట్టుకొని పైదాంక ఎక్కాలె. పైన బండ మీద సగం పోసి మిగిలింది తాగాలె. నడుమ చుక్క ముట్టొద్దు.”

“ముడితే?”

“బ్యాచ్ మొత్తానికి పోతది. ఒక్కరు తాగినా ఎవ్వరికి జాబ్ రాదు.”

“నీళ్లు వీపున మోస్తూ దాహంతో నడవడమా? గడ్డిమోపు మోసే గాడిద కూడా మధ్యలో ఆగి ఓ పరక లాగుతుందమ్మా.”

“అందుకే మీకు చెప్పొద్దన్నది స్వరూప.”

ఆ స్వరూప సంగతే నన్ను భయపెట్టింది. ఆ వారమే మెస్సులో తిన్న కూర వికటించి వాంతులూ విరేచనాలతో మంచం పట్టింది. మా వీధి డాక్టరు గంట గంటకూ నీళ్లు తాగమని చెప్పి పంపాడు. లేచి తిరుగుతోంది గాని ముఖంలో నెత్తురు లేదు. నువ్వు రావద్దన్నాను. ఆమె అప్పటికే బ్యాగుకు జిప్పు వేస్తోంది.

“నేనొక్కదాన్ని పోకుంటే రేపు ఏమన్నా అయితే నా మీదికే వస్తది ఆంటీ.”

నారాయణగూడ మందుల షాపులో ఓఆర్ఎస్ పొట్లాలు కొని నా సంచీలో వేసుకున్నాను. నేను వెళ్లింది గుట్ట కోసం సగం, ఆ పిల్ల కోసం సగం.

నిమ్మకాయలు తొక్కిన బస్సు

అశోక్ నగర్ చూడనివారికి ఒక మాట. అక్కడ మనుషులకన్నా జిరాక్స్ షాపులు ఎక్కువ, జిరాక్స్ షాపులకన్నా హాస్టల్ బోర్డులు ఎక్కువ. టిఫిన్ బండి దగ్గర ఇడ్లీ నోట్లో పెట్టుకుంటూ కూడా కరెంట్ అఫైర్స్ నెమరేస్తారు. ఇంతమంది చదువరులు ఒకే చోట ఉన్న పేట ఇంకెక్కడా ఉండదేమో. ఆ పేట నడిబొడ్డున మా బస్సు ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాకే డ్రైవరు గేరు వేశాడు.

బ్యాచ్‌ను నడిపేది దామోదర్ సార్. పాలిటీ చెబుతాడు. నలభై ఏళ్లుంటాయి, గొంతు మైకు లేకుండానే మైకులా ఉంటుంది. ఈ మొక్కు ఎవరు పెట్టారని అడిగితే గర్వంగా చెప్పాడు.

“మా ఓల్డ్ స్టూడెంట్ ఒకాయన మేడం. వాటర్ బాటిల్ కొన్నడు, మూత తియ్యడం యాది మరిచి పైదాంక ఎక్కిండు. అదే సంవత్సరం కొట్టిండు జాబ్!”

“ఆయనతో పాటు ఎక్కినవాళ్లు?”

“వాళ్లు నడుమ తాగిన్రు. రాలే. గందుకే ఇప్పుడు బ్యాచ్ మొత్తానికి ఒకటే లెక్క పెట్టినం.”

“చదవడం వల్ల వచ్చిందేమో?”

“చదువుడు అందరు చదివిన్రు మేడం. తేడా ఏడుంది? బాటిల్ దగ్గరనే ఉంది.”

ఒక మనిషి మతిమరుపు మిగతావాళ్లకు ఆచారం ఎలా అవుతుందో ఇంత శుభ్రంగా విప్పి చెప్పిన పండితుణ్ణి నేనింతవరకు చూడలేదు. ఈ బ్యాచ్ అదృష్టం కొద్దీ ఆ పాత విద్యార్థి ఆరోజు చెప్పులు మరిచిపోలేదు.

ఊరు దాటాక సార్ బిట్లు మొదలుపెట్టాడు. బస్సులో కునికిపాట్లు పడుతున్నవాళ్లు కూడా కళ్లు మూసుకునే జవాబు చెబుతున్నారు.

“శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవాలని చెప్పే అధికరణ?”

“యాభై ఒకటి ఏ, హెచ్!” బస్సంతా ఒకే గొంతు.

“హక్కా, విధా?”

“ప్రాథమిక విధి సార్!”

“శాబాష్. రేపు ఎవ్వరు నీళ్లు ముట్టొద్దు, యాది పెట్టుకోన్రి.”

నేను చుట్టూ చూశాను. ఎవరైనా నవ్వుతారేమోనని. కిటికీ పక్కన స్వరూప ఆ రెండు వాక్యాలనూ ఒకే శ్రద్ధతో తల ఊపి ఒప్పుకుంది.

గుట్ట కింద రొట్టెలు

సాయంత్రానికి గుట్ట కింది ఊరు చేరాం. మేం దిగిన సత్రం ఎదురుగా రేకుల కప్పు కింద ఒకామె జొన్న రొట్టెలు చేస్తోంది. పిండిముద్దను రెండు అరచేతుల మధ్య తడుతూ పెనం మీద వేస్తుంటే దరువు వేసినట్టుంది. చింతచిగురు పప్పు, పచ్చిపులుసు. మా అమ్మానాన్నలది గుంటూరు వైపు. పులుసంటే పొయ్యి మీద మరగాలని నమ్మే ఇల్లు మాది. నిప్పు చూడని పులుసును మా అమ్మ పులుసు అని ఒప్పుకునేది కాదు. ఈ పచ్చిపులుసు రెండు గిన్నెలు తాగాక నాకు మా అమ్మ మీద జాలి వేసింది. ఆచారాలన్నీ ఇలా నాలుక మీద పరీక్షకు నిలబడితే ఎంత బాగుండును!

స్వరూప సగం రొట్టెతో లేచింది. రొట్టెలు చేసే ఆమె ఊరుకోలేదు.

“ఏంది బిడ్డా, గా సగం ఎవరికి విడిచినవ్? కోళ్లు సుత మంచిగ తింటయి నీకంటే.”

“సాలు అక్కా, కడుపు మంచిగ లేదు.”

“మంచిగ లేకుంటే గుట్టెందుకెక్కుడు? గుట్ట ఏడికన్నా లేసిపోతదా?”

పక్క కొట్టులో మూత మీద కుంకుమ బొట్టు పెట్టిన నీళ్ల సీసాలు పేర్చి ఉన్నాయి. బొట్టు లేనిది ఇరవై రూపాయలు, ఉన్నది నలభై. తేడా ఏమిటని అడిగాను. “గిది మొక్కుదమ్మా,” అన్నాడు కొట్టతను. రెండింటి మీదా ఒకే కంపెనీ కాగితం. నేను బొట్టు లేనిది తీసుకుంటే నాగమణి కంగారుపడింది.

“మీరు బ్యాచ్‌ల లేరు గద ఆంటీ. మీరు తాగొచ్చు. మీది లెక్కకు రాదు.”

నన్ను ఇంతకన్నా మర్యాదగా ఎవరూ వెలివేయలేదు.

వెదుర్ల మధ్య

ఆదివారం పొద్దున్నే బయలుదేరాలని ఏర్పాటు. బయలుదేరింది మంచి ఘడియ వచ్చాక. అంటే ఎండ వచ్చాక. మంచి ఘడియను కనిపెట్టినవాళ్లు ఎవరో గాని వేసవి కాలంలో నడిచినవాళ్లు మాత్రం కారు.

బాట మొదట వెదురు పొదల మధ్య చల్లగా పోతుంది. కింద ఎండిన ఆకులు, నడిస్తే అప్పడాలు విరిగినట్టు చప్పుడు. నేలంతా మద్ది చెట్ల నీడల చారలు. కొన్ని చోట్ల వాగు దాటాలి. వాగంటే వేసవిలో గుండ్రాళ్లు మాత్రమే. ఒక మలుపులో ఇద్దరు చెంచు ఆడవాళ్లు ఆకు దొప్పల్లో తునికిపండ్లు అమ్ముతున్నారు. దొప్ప పది రూపాయలు. పసుపుపచ్చని గుజ్జు, తియ్యగా, చివర కొంచెం వగరు. నేను తింటుంటే బ్యాచ్ పిల్లలు గుటకలు మింగుతూ చూస్తున్నారు. పండులో నీరుంటుంది, ముట్టవచ్చా అని సార్‌ను ఒకడు అడిగాడు. సార్ కాసేపు ఆలోచించి వద్దన్నాడు.

“మీ పట్నంల పండ్లు సుత తిననియ్యరా?” అని ఆ అమ్మేవాళ్లలో ఒకామె పడీపడీ నవ్వింది.

కోతి విషయంలో తీర్పు

సగం దూరంలో ఒక కోతి వచ్చింది. చెట్టు మీది నుంచి దిగి, ముందు నడుస్తున్న పిల్లవాడి బ్యాగు పక్క జేబులోంచి సీసా లాగేసుకుని బండ మీద కూర్చుంది. మూత జోలికి పోలేదు. నడుం దగ్గర పళ్లతో గాటు పెట్టి, కారే ధారకు నోరు పట్టి హాయిగా తాగింది.

బ్యాచ్ మొత్తం రాయిలా నిలబడిపోయింది. కోతి తాగితే మొక్కు చెడినట్టా, లేదా? ఒకరు చెడిందన్నారు. ఒకరు బాటిల్ మనది గాని నోరు మనది కాదన్నారు. ఆ పోగొట్టుకున్నవాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. చివరకు అందరూ సార్ వైపు చూశారు. రాజ్యాంగం చెప్పే మనిషి గదా, అన్ని వైపులా పరిశీలించి తీర్పు చెప్పాడు.

“చూడున్రి. సీలు ఊడిందా? ఊడలే. మూత మీద బొట్టు అట్లనే ఉంది. రెండో పాయింటు, అది మామూలు కోతి కాదు. అంజన్న వచ్చి తాగిండు. శుభం!”

చప్పట్లు. ఆ పిల్లవాడిని అదృష్టవంతుడని భుజం తట్టారు. సార్ తన సంచీలోంచి ఇంకో సీసా ఇచ్చాడు. నేను వెనక్కి తిరిగి చూశాను. చప్పట్లు కొట్టని చెయ్యి ఒకటి ఉంది. స్వరూప వెదురు బొంగు పట్టుకుని నిలబడి ఉంది. చెమట పట్టడం లేదామెకు. అంత ఎక్కుడులో, అంత ఎండలో, పొడిగా ఉంది.

నడిమి బండ దగ్గర

వెదుర్లు అయిపోయాక బట్టబయలు రాతి ఎక్కుడు. అక్కడ ఒక వాలు బండ పక్కన స్వరూప కూర్చుంది. కూర్చుంది అనడం మర్యాద. కాళ్లు ఆగిపోయి కూలబడింది. పెదవులు తెల్లగా అంటుకుపోయాయి. పేరు పెట్టి పిలిస్తే కొంచెం ఆగి పలికింది. నేను నా సీసాలో ఓఆర్ఎస్ పొట్లం కలిపి నోటి దగ్గర పెట్టాను. తల తిప్పుకుంది.

అందరూ చుట్టూ చేరారు. నాకు వాదించడం తప్ప వేరే విద్య రాదు. కనుక వాదించాను.

“ఒంట్లో నీరు తగ్గితే లక్షణాలేమిటో చెప్పండి.”

ఆశ్చర్యం, చెప్పారు. పోటీ పడి చెప్పారు. “నాలుక ఎండుట!” “తల తిరుగుట!” “నాడి వేగంగా కొట్టుకొనుట!” “మూత్రం తగ్గుట!” ఒక్క బిట్టూ పోలేదు.

“ఎక్కడున్నాయి ఆ లక్షణాలు?”

“జనరల్ సైన్స్‌ల ఆంటీ.”

అది వేళాకోళం కాదు. ఆ అబ్బాయి నిజంగానే చెప్పాడు. లక్షణాలన్నీ వాడి కాళ్ల దగ్గర పడి ఉన్నాయి.

“దామోదర్ గారూ, కోతికి ఇచ్చిన మినహాయింపు ఈ పిల్లకు ఇవ్వండి. కావాలంటే సీసా పక్కనుంచే కన్నం పెడదాం.”

“కోతి పరీక్ష రాయదు గద మేడం.” ఆయన గొంతులో మైకు తగ్గింది. ఆయనా భయపడుతున్నాడని నాకప్పుడు తెలిసింది. “నేనేమన్న వద్దంటున్ననా? పిల్ల ఇష్టం. తాగుమనున్రి. గని మిగిలిన పిల్లలకు నేనేం చెప్పాలె? వీళ్ల అమ్మానాయిన్లకు ఏం చెప్పాలె?”

పిల్ల ఇష్టమట! ఇంతమందిని చుట్టూ నిలబెట్టి, వాళ్లందరి భవిష్యత్తూ ఆమె గొంతులో పోసి, ఇక నీ ఇష్టం అనడం. మన సమాజం ఆడపిల్లలకు ఇచ్చే స్వేచ్ఛ మొత్తం ఈ పద్ధతిలోనే ఇస్తుంది.

నేను స్వరూప చెవి దగ్గర వంగాను. ఇదంతా అబద్ధమమ్మా, నీళ్లకూ ఉద్యోగానికీ సంబంధం లేదమ్మా అన్నాను. ఆమె నెమ్మదిగా, మాట మాటకూ ఆగుతూ చెప్పింది.

“నాకు తెల్సు ఆంటీ. నేను బీఎస్సీ చదివిన. గని రేపు ఎవ్వరికి రాకుంటే నా పేరే చెప్తరు. స్వరూప తాగింది, అందుకే పోయింది అంటరు. గదే గల్లీల ఉండాలె, గదే మెస్సుల తినాలె. ఎట్ల తిరగాలె నేను?”

దేవుడు లేడని నిరూపించడానికి నేను యుక్తవయసు నుంచీ సిద్ధపడి ఉన్నాను. గల్లీ లేదని ఎలా నిరూపించను?

అప్పుడు ఎవరో కూర్చున్న చప్పుడు. నాగమణి. మా మేడ మీద మంగళవారం ఒకపూట, శనివారం ఒకపూట తినే నాగమణి. చేతికి మూడు రంగుల దారాలు, నుదుట విభూతి. ఈ బస్సులో ఆమెను మించిన భక్తురాలు లేదు. బ్యాగులోంచి సీసా తీసింది. మూత తిప్పింది. సీలు టక్కున తెగింది. తల వెనక్కి వంచి, గొంతు కదలడం అందరికీ కనబడేటట్టు, సగం సీసా తాగింది. కొంగుతో మూతి తుడుచుకుంది.

“నేను తాగిన. అందరు చూసిన్రా? ఇగ పోయింది. నాది పోయింది, మీది పోయింది, అందరిది పోయింది. రేపు రాకుంటే నాగమణి పేరు చెప్పున్రి. ఇంటి అడ్రసు సుత ఇస్త, వచ్చి తిట్టున్రి.” తరువాత స్వరూప గడ్డం పట్టుకుని తిప్పింది. “నువ్వు తాగినా తాగకున్నా ఇగ ఒక్కటే. నాటకాలాడకు. తాగు.”

స్వరూప తాగింది. మొదట తడి, తరువాత గుక్క, తరువాత నా చేతిలోని సీసా లాక్కుని తాగింది. మెల్లగా, మెల్లగా అంటూ నేను వీపు నిమిరాను.

ఆ తరువాత బండ చుట్టూ సీళ్లు తెగిన చప్పుడు, పేలాలు వేగినట్టు. వాళ్లందరికీ ఎంత దాహంగా ఉందో! అందరికన్నా పెద్ద గుక్కలు దామోదర్ సార్‌వి.

“ఇగ ఎట్లైనా పోయింది గద మేడం,” అన్నాడు, నా వైపు చూడకుండా.

పైన

నీడలో చాలాసేపు కూర్చున్నాం. స్వరూప పొద చాటుకు వెళ్లివచ్చి, “ఆంటీ, పాస్ వచ్చింది” అని సిగ్గుపడుతూ చెప్పింది. ఏ రిజల్టూ నన్ను అంత సంతోషపెట్టలేదు. చెంపలకు రంగు తిరిగాక నాగమణి ఆమెకు తోడుండి నన్ను పైకి తరిమింది.

శిఖరం మీద ఇనుప కమ్మీలు కట్టిన అరుగు ఉంది. చెత్త వేయరాదు అన్న బోర్డు, దాని కింద బొట్టు మూతల ఖాళీ సీసాల గుట్ట. గుట్ట మీద గుట్ట. కమ్మీల దగ్గరకు వెళ్తే మాత్రం నోరు మూతపడింది. కొండ వెనక కొండ, ఆ వెనక ఇంకా పలచని కొండ, చివరిది ఆకాశమో రాయో తేలదు. లోయ అడుగున ఎండకు చిక్కిన కృష్ణ మెరుస్తోంది. కింద నుంచి వచ్చే గాలికి ఎండుటాకు వాసన. ఒక డేగ నాకన్నా కిందుగా ఎగురుతోంది. ఎగిరే పక్షి వీపు చూడటం నాకదే మొదటిసారి.

మిగిలిన నీళ్లలో సగం సగం బండ మీద పోసి, లోయకు వీపు తిప్పి ఫోటోలు దిగుతున్నారు పిల్లలు. కోతి బాధితుడు నా పక్కకు వచ్చాడు.

“మీరేం కోరుకున్నరు ఆంటీ?”

“ఏమీ లేదు బాబూ.”

“అయితే మీ కోటా నాకియ్యరాదున్రి?”

ఇచ్చేశాను. నాకు ఖర్చేముంది?

దిగాక

తిరుగు బస్సులో కొత్త మాట ఒకటి పుట్టడం నా చెవులతో విన్నాను. నడిమి బండ దగ్గరే తాగాలేమో, అసలు మొక్కు అదేనేమో, నాగమణక్కకు స్వామే చెప్పి తాగించిండేమో అని వెనక సీట్లో గుసగుస. నాగమణికి ఉద్యోగం వస్తే ఆ బండకు బొట్టు పడుతుంది. రాకపోతే గల్లీలో ఆమె పేరు నలుగుతుంది. ఫలితాలు ఇంకా రాలేదు. స్వరూప మాత్రం తరువాతి ఆదివారం పరీక్ష రాసింది, చేతిలో నీళ్ల సీసాతో.

నాగమణిని అడిగాను. నీకు భయం వేయలేదా, నువ్వు నమ్ముతావు గదా అని.

“నమ్ముత కాబట్టే తాగిన ఆంటీ. దేవుడు నాకు ఎరుక, మీకు ఎరుక లేదు. ఒక పిల్ల నీళ్లు తాగితే అలిగేటంత చిన్నోడు కాదాయన.”

ఆ దేవుడు ఉన్నాడని నేనిప్పటికీ ఒప్పుకోను. ఆ వాదన మా మేడ మెట్ల మీద ఇంకా సాగుతూనే ఉంది. కాని ఆ బండ దగ్గర సరైన మాటలన్నీ నావి, పని ఆమెది. బయట నిలబడిన నేను నోట్లో ఎన్ని నీళ్లు పోసుకున్నా ఎవరి మొక్కూ తెగలేదు. లోపలున్న ఆమె ఒక్క మూత తిప్పేసరికి అందరి గొంతులూ తడిశాయి.

కనుక నా వ్యాసాలు చదివి ఏకాంతంలో తల ఊపే మిత్రులారా, ఊపింది చాలు. మీరు లోపలివాళ్లు. మీ ఇంట్లో, మీ ఆఫీసులో, మీ బంధువుల మధ్య ఒక మనిషి నలుగురికీ జడిసి నోరు కట్టుకుని ఎండిపోతుంటే ఆ మనిషికి ధైర్యం చెప్పకండి, నీ ఇష్టం అనకండి. అందరూ చూస్తుండగా మూత తీసి మొదటి గుక్క మీరు తాగండి. నింద మీ పేరున రాయించుకోండి. ఆ తరువాత సీసా ఆ మనిషి చేతికివ్వండి.